రద్దీగా ఉన్న విండ్‌సర్ఫింగ్ రేవులో బండి ఎలా నిలపాలి

గాలి అందరికీ ఒకే వేళకు వీస్తుంది కనుక విండ్‌సర్ఫింగ్, అంటే తెరచాప బిగించిన బోర్డు మీద నిలబడి గాలి బలంతో నీటి మీద సాగే క్రీడ, చేసేవారందరూ రేవుకు ఒకే వేళకు చేరుకుంటారు. ఉదయమంతా ఖాళీగా పడి ఉన్న స్థలం, నీటి మీద తెల్లని నురగలు కనిపించిన కాసేపటికే నిండిపోతుంది. ఇక్కడ రేవు అంటే బోర్డును నీటిలోకి దించే ఒడ్డు, తెరచాపలు కట్టుకునే గడ్డినేల, వాటి వెనుక బండ్లు నిలిపే చోటు, ఈ మూడూ కలిసిన ప్రదేశమని అర్థం చేసుకోండి. ఈ మూడింటిలో దేని పని దానికి వదలకుండా అన్ని పనులూ బండి పక్కనే కానిచ్చుకోవాలనుకోవడం వల్లనే రద్దీలో సగానికి పైగా పుట్టుకొస్తుంది. నిలిపిన గడిలో బండి మాత్రమే ఉండాలి, నీటికి దగ్గరగా ఉన్న అంచు సామాను దించడానికి మాత్రమే వాడాలి అన్న రెండు విషయాలు మనసులో పెట్టుకుంటే, కింద చెప్పబోయే వాటిలో చాలావరకు మీకే తోస్తాయి.

ముందుగా చోటు లెక్క ఒకసారి చూద్దాం. సాధారణంగా ఒక కారుకు గీసే గడి సుమారు 5 మీటర్ల పొడవు, 2.5 మీటర్ల వెడల్పు ఉంటుంది, అంటే పన్నెండున్నర చదరపు మీటర్లు. 5 చదరపు మీటర్ల తెరచాపను కట్టి నేల మీద పడుకోబెడితే మాస్ట్ (తెరచాపను నిలిపే స్తంభం) వెంబడి దాదాపు 4.2 మీటర్లు, బూమ్ (చేతులతో పట్టుకునే అడ్డకర్ర) వైపు దాదాపు 1.7 మీటర్లు ఆక్రమిస్తుంది. చుట్టూ మనిషి నడవడానికి కాస్త దారి వదిలితే అది కూడా ఒక గడి అంత అవుతుంది. గాలి పెరుగుతుందో తగ్గుతుందో తెలియక కొందరు రెండు తెరచాపలు కట్టి పక్కపక్కన పరుస్తారు. అలా చేసిన మనిషి ఒక్కడే మూడు బండ్ల చోటు వాడుకుంటున్నట్లు లెక్క. ఇరవై గడులున్న స్థలంలో ఏడుగురు ఈ పద్ధతి పట్టుకుంటే ఎనిమిదో మనిషి రోడ్డు మీదే నిలబడిపోవాలి.

బయలుదేరే ముందు

బండి నిలిపే పద్ధతి బండిలో సామాను సర్దడం దగ్గరే మొదలవుతుంది. రేవులో ముందుగా అవసరమయ్యేది చివరగా ఎక్కించాలి. బోర్డులు, మాస్ట్ ముక్కలు, తెరచాప సంచులు, బూమ్ అన్నీ ఒకేసారి, ఏదీ వెతుక్కోకుండా బయటికి వచ్చేలా అమర్చుకుంటే అంచు దగ్గర ఐదు నిమిషాల్లో సామాను దించి బండిని తీసేయవచ్చు. తడిసిన తాళ్ల కుప్పలో నుంచి యూనివర్సల్ జాయింట్‌ను (మాస్ట్‌ను బోర్డుకు కలిపే అన్ని వైపులా వంగే కీలు) లాగడం, సీటు కింద ఫిన్ (బోర్డు అడుగున బిగించే రెక్క) మరలను తడుముకోవడం అక్కడ పెట్టుకున్నారంటే మీ వెనుక నాలుగు బండ్లు ఆగిపోతాయి. ఒకే వైపు నుంచి వచ్చేవారు ఇద్దరు ముగ్గురు ఉంటే ఒకే బండిలో రావడం మంచిది. సామాను ఎక్కువై ఒక బండిలో పట్టకపోతే, మనుషులనైనా ఒక బండిలోకి సర్దుకుని రెండో దానిని దారిలో, అనుమతి ఉన్న చోట విడిచిరావచ్చు.

ఈ క్రీడ పుట్టినప్పుడు బండి సమస్య వేరుగా ఉండేది. హోయిల్ ష్వైట్జర్, జిమ్ డ్రేక్ 1968లో పేటెంట్‌కు దరఖాస్తు చేసిన తొలి విండ్‌సర్ఫర్ బోర్డు 12 అడుగుల పొడవుతో కారు పైకప్పు మీద ప్రయాణించేది. ఈనాటి బోర్డులు చాలావరకు రెండున్నర మీటర్ల లోపే ఉండి వ్యాను లోపలే పడుకుంటాయి. అయితే ఒక తెరచాప స్థానంలో నాలుగైదు, ఒక మాస్ట్ స్థానంలో రెండు మూడు చేరాయి. బోర్డు కురచైంది గాని బండి మాత్రం పొడుగైంది. మీది ఆరు మీటర్ల పొడుగు వ్యాను అయితే అది 5 మీటర్ల గడిలో పట్టదని ఇంటి దగ్గరే ఒప్పుకుని, దానికి తగిన చోటు ఆ రేవులో ఎక్కడుందో ముందే తెలుసుకోండి.

గాలి వేళలు తెలుసుకోవడం కూడా బండి నిలపడానికి పనికొస్తుంది. ఇటలీలోని గార్దా సరస్సు ఉత్తరపు కొసలో, టోర్బోలే దగ్గర, తెల్లవారుజాము నుంచి పొద్దెక్కేదాకా ఉత్తరం నుంచి పెలేర్ గాలి వీస్తుంది. మధ్యాహ్నం నుంచి దక్షిణం వైపు నుంచి ఓరా గాలి అందుకుంటుంది. ఇలా రెండు గాలులున్న చోట మధ్యలో ఒక విరామం వస్తుంది. పొద్దుటి గాలికి వచ్చినవారు వెళ్లిపోతూ, మధ్యాహ్నపు గాలికి వచ్చేవారు చేరుతూ ఉండే ఆ వేళకు వెళితే చోటు దొరకడం తేలిక. అమెరికాలోని కొలంబియా నది లోయలో వేసవిలో తూర్పున ఉన్న ఎండు ప్రాంతం వేడెక్కినప్పుడు పసిఫిక్ వైపు నుంచి చల్లని గాలి ఆ లోయ గుండా లోపలికి లాక్కోబడుతుంది. అటువంటి గాలి గంటల తరబడి నిలకడగా వీస్తుంది కనుక వచ్చినవారు తొందరగా కదలరు, గడులు ఖాళీ కావు. మీరు వెళ్లే రేవు గాలి ఈ రెండింటిలో ఏ తీరుదో తెలిస్తే ఎప్పుడు చేరాలో, ఎంతసేపు వేచి ఉండవలసి వస్తుందో అంచనా కడతారు. గేటు మూసే వేళ, రాత్రి బండి ఉంచవచ్చా లేదా, రుసుము లేదా పాసు ఉందా అన్నవి ఎలాగూ చూసుకుంటారు కనుక వాటిని వివరించడం లేదు.

చేరుకున్న వెంటనే

రేవు కనిపించగానే ప్రతివారూ చేసే పని ఒకటుంది. దారి మధ్యలో బండిని ఆపి, అద్దం దించి, నీటి వైపు చూస్తూ గాలి ఎంత ఉందో, ఎవరు ఏ సైజు తెరచాపతో తిరుగుతున్నారో లెక్కపెట్టడం. చూడాలన్న ఆత్రం సహజమే గాని, మలుపు దగ్గర ఆగిన ఆ బండి వెనుక ఇంకొకటి, దాని వెనుక ఇంకొకటి చేరి ప్రవేశమార్గమే మూసుకుపోతుంది. ముందు బండిని ఎక్కడో ఒకచోట సక్రమంగా నిలిపి, దిగి, నడిచి వెళ్లి గాలిని చూడండి. గాలి చాలదని తోస్తే తిరిగి వెళ్లిపోవచ్చు, ఎవరికీ ఇబ్బంది ఉండదు.

లోపల మనిషి నడకను మించిన వేగం వద్దు. అక్కడ నడిచేవారి చేతుల్లో, నెత్తి మీద పొడవైన వస్తువులుంటాయి. తెరచాప మోస్తున్న మనిషికి ఒక వైపు పూర్తిగా కనబడదు, గాలి హోరులో బండి చప్పుడు వినబడదు. హారన్ కొడితే అతను ఉలిక్కిపడి తిరుగుతాడు, అతనితో పాటు తెరచాప కూడా తిరుగుతుంది. కాబట్టి ఆగి, అతన్ని దాటనివ్వండి.

సామాను దించడం

అంచు దగ్గర సామాను దించే చోటు ఉంటే ఇంజన్ ఆపి, హెచ్చరిక దీపాలు వెలిగించి, దించిన ప్రతి వస్తువునూ గడ్డి మీదికి చేర్చండి. బండి పక్కన దారిలో పెట్టిన మాస్ట్ ముక్క తర్వాత వచ్చేవారి చక్రం కింద పడుతుంది. కార్బన్ మాస్ట్ మీద చక్రం ఎక్కితే పైకి చిన్న గీతలా కనిపించే దెబ్బ, నీటి మధ్యలో మాస్ట్ విరిగినప్పుడు గాని పూర్తిగా బయటపడదు. బోర్డును గాలికి ఎగరని విధంగా పొదల చాటున గాని బరువైన సంచుల వెనుక గాని ఉంచండి. తెరచాపను సంచిలో నుంచి తీయకండి. ఇద్దరు వచ్చివుంటే ఒకరు సామాను దగ్గర ఉండి, ఇంకొకరు బండిని తీసుకెళ్లి దూరపు గడిలో నిలిపి రావాలి. ఒంటరిగా వచ్చినవారు పక్కన ఉన్నవారిని కాస్త చూస్తూ ఉండమని అడగవచ్చు. ఈ సాయం కాదనేవారు అరుదు.

సామాను దించిన తర్వాత బండి అక్కడే ఉండిపోవడం అన్నిటికంటే ఎక్కువగా కనిపించే తప్పు. 'తెరచాప ఒక్కటి కట్టేసి తీస్తాను' అన్న మాట పావుగంటతో ఆగదు. మాస్ట్ కలపడం, తెరచాపను కిందికి లాగి ఉంచే డౌన్‌హాల్ తాడు బిగించడం, బూమ్ ఎత్తు సరిచూడడం, చలి తగలకుండా వేసుకునే వెట్‌సూట్ తొడుక్కోవడం, ఆ మధ్యలో పరిచయస్థులు పలకరించడం, అన్నీ కలిసి ముప్పావుగంట పడుతుంది. ఆ అంచు ఐదేసి నిమిషాల చొప్పున తొమ్మిది బండ్లకు సరిపోయేది, ఒక బండి కిందే పోతుంది.

గడిలో నిలిపే తీరు

గీతలుంటే వాటి మధ్యలో, లేకపోతే ముందు వచ్చినవారు నిలిపిన వరుసనే అనుసరించి నిలపాలి. మొదట వచ్చినవారికి ఇక్కడ ఒక బాధ్యత ఉంది. ఖాళీ స్థలంలో వారు ఏటవాలుగా నిలిపితే తర్వాతివారందరూ అలాగే నిలుపుతారు, సాయంత్రానికి పది బండ్లు పట్టే చోట ఏడే ఉంటాయి.

పొడుగు వ్యాను తోక గడి దాటి వస్తుంటే అది దారి వైపు కాకుండా గడ్డి వైపు ఉండేలా తిప్పుకోండి. అయితే అటు వైపు నడకదారి లేదని చూసుకోవాలి. వ్యాను వెనుక మీరు నిలపవలసి వచ్చినప్పుడు దాని వెనుక తలుపులకు దగ్గరగా ఆనించకండి. 430 సెంటీమీటర్ల మాస్ట్ రెండు ముక్కల్లో ఒక్కొక్కటి రెండు మీటర్ల పైచిలుకు ఉంటుంది, బోర్డు 2.3 మీటర్ల దాకా ఉంటుంది. ఇవి తిన్నగా బయటికి రావాలంటే తలుపుల వెనుక మూడు మీటర్ల ఖాళీ కావాలి. ఆ ఖాళీని చూసి 'ఎంత చోటు వృథా అవుతోంది' అనుకుని దూరిపోయేవారు, తర్వాత ఎవరో తమ బానెట్ మీదుగా బోర్డు లాగారని నొచ్చుకుంటారు.

గాలి దిక్కుకు తగినట్లు బండి ముఖం ఎటు ఉండాలన్నది చాలామంది పట్టించుకోరు. కారు ముందు తలుపుల బందులు ముందు వైపున ఉంటాయి. గాలి వెనుక నుంచి వీస్తుంటే తలుపు కాస్త తెరవగానే గాలి దాన్ని అందుకుని విసురుగా పూర్తిగా తెరుస్తుంది, పక్క కారు మీద గీత పడుతుంది. బండి ముఖం గాలికి ఎదురుగా ఉంటే తలుపు తెరవడానికి బలం పెట్టాలి గాని అది విసురుగా కొట్టుకోదు. అంతేగాక బండి వెనుక భాగం గాలి చాటున ఉండి, డిక్కీ తెరిచి సామాను తీసుకోవడం సుళువవుతుంది. గడుల అమరిక కుదిరినప్పుడల్లా ముఖాన్ని గాలికి ఎదురుగా ఉంచండి. కుదరకపోతే, తలుపు తెరిచేటప్పుడు అంచును చేత్తో గట్టిగా పట్టుకోవాలని పిల్లలతో సహా బండిలో ఉన్నవారందరికీ దిగక ముందే చెప్పండి. దిగాక చెప్పి లాభం లేదు.

నేల సంగతి కూడా చూడాలి. మెత్తటి ఇసుకలోకి దింపిన బండి కూరుకుపోతే దాన్ని లాగడానికి వచ్చే ఇంకో బండి, దానికి దారి ఇవ్వడానికి జరిగే నాలుగు బండ్లు, చూడడానికి చేరే జనం, ఇదంతా కలిసి గంట పడుతుంది. ఎండుగడ్డి ఎత్తుగా ఉన్న చోట వేడెక్కిన బండిని నిలిపితే పొగగొట్టం వేడికి గడ్డి అంటుకునే ప్రమాదం ఉంది. ఆ గాలిలో మంట ఎంత వేగంగా పాకుతుందో వేరుగా చెప్పనక్కర లేదు. సముద్రపు రేవు అయితే పోటు వేళ చూసుకోండి. ఎండు నాచు, పుల్లలు పేరుకున్న గీత వరకు నీరు ఇటీవల వచ్చిందని గుర్తు. బండి ఆ గీతకు పైనే ఉండాలి. పౌర్ణమి, అమావాస్యల చుట్టూ పోటు మామూలు కన్నా ఎత్తుగా వస్తుంది, ఒడ్డు వైపు బలంగా వీచే గాలి దాన్ని ఇంకా పైకి నెడుతుంది. పోటు ప్రతిరోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది కనుక నిన్నటి వేళను నమ్ముకోకూడదు.

ఎవరి బండికీ అడ్డు పెట్టకూడదు

మిగతా చోట్ల జనం వాడే ఒక సర్దుబాటు ఇక్కడ అసలు పనికిరాదు. సంతలోనో పెళ్లి మండపం దగ్గరో చోటు లేనప్పుడు ఇంకొకరి బండికి అడ్డంగా నిలిపి, ఫోన్ నంబరు రాసి అద్దం దగ్గర పెట్టి వెళ్లడం మామూలే. ఫోన్ చేస్తే మనిషి రెండు నిమిషాల్లో వచ్చి తీస్తాడు. విండ్‌సర్ఫింగ్‌కు వచ్చిన మనిషి ఫోన్ బండిలోనే ఉంటుంది, మనిషి మాత్రం ఒడ్డుకు అర కిలోమీటరు దూరంలో, రెండు గంటల దాకా తిరిగి రాని స్థితిలో ఉంటాడు. ఒడ్డు మీద ఎంత చేతులూపినా పలకరింపు అనుకుని తానూ చెయ్యి ఊపి, తిరిగి దూరం వెళ్లిపోతాడు. ఆ లోగా అడ్డుపడిన బండివారికి చెయ్యి విరిగిన మనిషిని తీసుకుపోవలసి రావచ్చు, లేదా ఊరికే ఇంటికి వెళ్లాలనిపించవచ్చు. రెండో కారణం కూడా చాలినదే.

ఒకవేళ ముందే మాట్లాడుకుని, 'మేము చీకటి పడేదాకా ఉంటాం, మా ముందు నిలపండి' అని వారే అన్నా, తాళంచెవిని నీటిలోకి దిగని మనిషి చేతికి ఇచ్చిన తర్వాతే అలా నిలపాలి. ఆ మనిషి ఎవరో, ఎక్కడ కూర్చున్నారో అవతలివారికి చూపించి వెళ్లండి.

తాళంచెవి సంగతి వచ్చింది కనుక ఒక మాట. ఎలక్ట్రానిక్ తాళంచెవులు ఉప్పునీటికి చెడిపోతాయి, చక్రం మీద దాచిన తాళంచెవి దొంగలకు తెలిసిన రహస్యమే. తాళంచెవి పోతే నష్టం మీది మాత్రమే అనుకోవద్దు. ఆ గడిని మీ బండి మర్నాటి దాకా ఆక్రమిస్తుంది, గేటు మూసేవారికీ పని తగులుతుంది. నీరు చొరని సంచిలో పెట్టి హార్నెస్‌కు (బూమ్‌కు తగిలించుకోవడానికి ఒంటికి కట్టుకునే పట్టీ) కట్టుకోవడం గాని, మామూలు లోహపు తాళంచెవి మాత్రమే వెంట ఉంచుకోవడం గాని మేలు.

ఏ కారణంతోనూ బండి నిలపకూడని చోట్లు కొన్ని ఉన్నాయి. పడవలను ట్రెయిలర్ మీద దించే వాలుదారి, దాని ఎదుట ట్రెయిలర్ తిరిగే వలయం, సహాయక పడవ దిగే చోటు, గేటు ముఖం, వికలాంగులకు కేటాయించిన గడి, చేపల వేటకు వెళ్లేవారు వలలు ఆరవేసుకునే నేల. ఇవి ఖాళీగా కనిపించినంత మాత్రాన వాడని చోట్లు అనుకోకండి. అంబులెన్సు నీటి అంచు దాకా రావడానికి సుమారు మూడున్నర మీటర్ల వెడల్పు దారి ఎప్పుడూ తెరిచి ఉండాలి. మీ బండి నిలిపాక దిగి వెనక్కి నాలుగడుగులు నడిచి, ఆ దారిలో ఒక పెద్ద వ్యాను మీ బండిని తాకకుండా వెళ్లగలదా అని కళ్లతో కొలిచి చూడండి.

మిత్రుల కోసం గడిలో బోర్డు అడ్డం పెట్టి చోటు ఆపడం కూడా అన్యాయమే. బండి వచ్చినప్పుడే చోటు లెక్కలోకి రావాలి. మనిషి నిలబడి కాపలా కాయడం ఇంకా చెడ్డది, ఎందుకంటే మాట మాట పెరిగేది అక్కడే.

తెరచాప ఎక్కడ కట్టాలి

పక్క గడి ఖాళీగా ఉందని అక్కడ తెరచాప పరవకండి. మీరు మొదలుపెట్టినప్పుడు ఖాళీగానే ఉంటుంది, సగం కట్టేసరికి ఎవరో వచ్చి బండి ఆపి, మీ వైపు చూస్తూ ఉంటారు. గడ్డినేల ఉంటే అదే తెరచాపల చోటు. అక్కడ కూడా కట్టేసిన తర్వాత తెరచాపను పక్కకు జరిపి, తర్వాతివారికి నేల వదలాలి. గడ్డినేల లేని రేవుల్లో మీ బండి వెనుక మీ గడి వెడల్పులోనే, దారి మీదికి రాకుండా కట్టుకోవాలి. గడి వెడల్పు 2.5 మీటర్లు, తెరచాప పొడవు 4.2 మీటర్లు కనుక మాస్ట్‌ను బండి పొడవు వెంబడి ఉంచితేనే ఇది సాధ్యం. వెనుక అంత జాగా లేకపోతే ఇంకొక చోటు వెతుక్కోవడమే మార్గం.

గాలి బలం ఎంతటిదో తెలిస్తే బండ్ల మధ్య తెరచాప ఎందుకు వద్దంటున్నానో అర్థమవుతుంది. 20 నాట్లు, అంటే గంటకు దాదాపు 37 కిలోమీటర్ల గాలికి 5 చదరపు మీటర్ల తెరచాపను అడ్డంగా నిలబెడితే దాని మీద పడే తోపు ముప్పై కిలోల బరువుకు మించుతుంది. గాలి వేగం రెట్టింపైతే ఆ తోపు నాలుగు రెట్లవుతుంది. నేల మీద వదిలిన తెరచాప కింద గాలి దూరితే అది ఒక్కసారిగా లేచి పల్టీ కొడుతుంది, దాని బూమ్ చివర సరిగ్గా కారు అద్దం ఎత్తులో తిరుగుతుంది. అందుకని వదిలివెళ్లేటప్పుడు మాస్ట్ గాలి వచ్చే వైపు ఉండేలా పడుకోబెట్టి, బరువైన దానికి కట్టండి.

మోసుకెళ్లేటప్పుడు బండ్ల వరుసల మధ్య నుంచి అడ్డదారి తీయకండి. బండ్ల వరుసకు గాలివాలు వైపుగా, అంటే గాలి బండ్లను దాటి మీ దగ్గరికి వచ్చే వైపుగా నడవండి. చెయ్యి జారితే తెరచాప బండ్లకు దూరంగా కొట్టుకుపోతుంది. రెండో వైపు నడిస్తే అది నేరుగా వాటి మీదికే వెళుతుంది. దారి కొంచెం చుట్టు తిరుగుడైనా రంగు గీరిన బండికి జవాబు చెప్పుకోవడం కంటే తక్కువ శ్రమే.

చోటు లేనప్పుడు

స్థలం నిండిపోయి ఉంటే లోపల గుండ్రంగా తిరుగుతూ ఉండకుండా, బయట ఒక పక్కన ఆగి, ఎవరు ముందు వచ్చారో అదే వరుసలో వేచి ఉండండి. తడి బట్టలతో నడుస్తున్న మనిషి వెంట బండితో పాకుతూ వెళ్లడం ఎవరికీ నచ్చదు. అద్దం దించి, 'బయలుదేరుతున్నారా అండీ?' అని ఒకసారి అడగండి, చాలు. బదులు చెప్పేవారు కూడా ఉన్నమాట చెప్పాలి. 'ఆఁ, వెళ్తున్నాం' అని చెప్పి తెరచాప విప్పడం అప్పుడు మొదలుపెట్టేవారి కంటే, 'ఇంకా అరగంట పడుతుందండీ, మీకు ముందు ఇంకెక్కడైనా దొరికితే చూసుకోండి' అనేవారు వేచి ఉన్నవారికి మేలు చేసినట్లు.

రోడ్డు పక్కన నిలపవలసి వస్తే అక్కడి ఇళ్లవారి గేట్లు, పొలాల దారులు వదలండి. రేవు మీద ఊరివారి ఫిర్యాదులు ఎక్కువగా నీటి మీద జరిగే వాటి గురించి రావు, గేటు ముందు నిలిచిన బండి గురించి, రోడ్డు మీదే బట్టలు మార్చుకున్నవారి గురించి, తెల్లవారకముందే తలుపులు ధడధడ వేసినవారి గురించి వస్తాయి. వీటికి జవాబుగా అధికారులు బండ్లు నిలపరాదన్న పలక పాతితే ఆ రోడ్డు అందరికీ పోతుంది.

తప్పుగా నిలిపినవారితో మాట్లాడడం

ఎవరైనా తప్పుగా నిలిపారని తోస్తే తప్పు గురించి మాట్లాడకుండా, జరగవలసిన పని గురించి మాట్లాడండి. 'ఇక్కడ ఎవరైనా పెడతారా?' అంటే ఎదుటివారు సమర్థించుకోవడం మొదలుపెడతారు. 'మీ మాస్ట్ కొన నా చక్రం దగ్గరికి వచ్చిందండీ, కాస్త జరుపుతారా?' అంటే జరుపుతారు. కొత్తవారైతే వారికి నిజంగానే తెలియకపోవచ్చు. బండి ఎక్కడ పెట్టాలో మాత్రమే చెప్పి వదిలేయకుండా, సామాను దించే చోటు చూపించి, తెరచాప ఒక చెయ్యి పట్టి గడ్డి మీదికి చేరిస్తే వచ్చే వారం వారే ఇంకొకరికి చూపిస్తారు. రోజూ వచ్చేవారమన్న కారణంతో నీటి పక్క గడులు తమవే అన్నట్లు ప్రవర్తించడం మాత్రం నాకు ఏ విధంగానూ సబబుగా తోచదు.

బయలుదేరేటప్పుడు

నీటి నుంచి వచ్చాక ముందు తెరచాప విప్పి, సామాను ఎక్కించి, ఆ తర్వాత కబుర్లు చెప్పుకోండి. రద్దీ లేని రోజున ఈ వరుస మారినా నష్టం లేదు. ఇంకా ఒడ్డున కూర్చోవాలనుకుంటే, లేదా తడి తెరచాప ఆరబెట్టుకోవాలనుకుంటే, ముందు బండిని వెనుక వరుసలోకి మార్చి ఆ తర్వాత కూర్చోండి.

బండి కదిలించే ముందు చుట్టూ ఒకసారి నడవండి. మీరు నీటి మీద ఉన్న రెండు గంటల్లో మీ వెనుక ఎవరో బూమ్ ఆనించి ఉండవచ్చు, నీడ కోసం ఒక పిల్లవాడు చక్రం పక్కన కూర్చుని ఉండవచ్చు. నేల మీద ఫిన్ మర, తాడు ముక్క, విరిగిన ఫిన్ పడి ఉంటే ఏరి వేసుకోండి, ఎందుకంటే అవి తర్వాతివారి అరికాలికో టైరుకో గుచ్చుకుంటాయి. వెనక్కి తీసేటప్పుడు ఒకరు దిగి నిలబడి దారి చూపడం మంచిది.

ఇంత జాగ్రత్త పడినా ఒక్కోసారి ఎవరి బండికో గీత పడుతుంది, ఎవరి మాస్ట్ మీదనో చక్రం ఎక్కుతుంది. యజమాని నీటి మీద ఉన్నారని మీరు వెళ్లిపోకూడదు. వైపర్ కింద పెట్టిన చీటీ ఆ గాలికి నిలవదు. పేరు, ఫోన్ నంబరు రాసిన కాగితాన్ని కిటికీ అద్దానికీ రబ్బరుకూ మధ్య లోతుగా జొనిపి, దెబ్బ తగిలిన చోటును ఫోటో తీసి, పక్కనే ఉన్న ఇద్దరికి ఆ సంగతి చెప్పి ఉంచండి. తెరచాప రంగు, సైజు కనుక్కుంటే ఆ మనిషి నీటి మీద ఎక్కడున్నారో ఒడ్డున ఉన్నవారు చూపిస్తారు. మాస్ట్ దెబ్బతింటే మాత్రం చీటీతో సరిపెట్టకండి. ఆ మనిషి దాన్ని కట్టుకుని మళ్లీ నీటిలోకి దిగక ముందే ఎదురుగా నిలబడి చెప్పాలి, అందుకు ఎంతసేపైనా ఆగాలి.